కిరసనాయిలు వరసలో నా రాయి

యుద్ధాలు ఎందుకొస్తాయో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పి బతికినవాణ్ణి నేను. నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. ఏ యుద్ధమైనా సరే, తక్షణ కారణం ఒకటి, ఆర్థిక కారణాలు నాలుగు, ఫలితాలు అయిదు. పిల్లలు రాజుల పేర్లూ ఊళ్ళ పేర్లూ తారుమారు చేసినా, ఆర్థిక కారణాలు మాత్రం అన్ని యుద్ధాలకీ ఒకటే రాసేసేవాళ్ళు. నేనూ మార్కులు వేసేవాణ్ణి. తప్పేముంది, అవి నిజంగా ఒకటే. అయితే అందరు చరిత్ర టీచర్లకీ లేని యోగ్యత ఒకటి నాకుంది. ఒక యుద్ధంలో నేను స్వయంగా పాల్గొన్నాను. పాల్గొనడమేమిటి, మొదలుపెట్టిందే నేను.

మేం హైదరాబాదు వచ్చింది యాభై ఆరులో. నాన్న ప్రభుత్వంలో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు ఫైళ్ళతో పాటు మమ్మల్నీ రైలెక్కించారు. అప్పుడు నాకు పదేళ్ళు. నాంపల్లి స్టేషన్‌కీ ఆబిడ్స్‌కీ మధ్య ఒక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం, మళ్ళీ కదల్లేదు. డెబ్బైల మొదట్లో, నేను చెప్పే చలికాలం నాటికి, నాన్న లేరు. ఇంట్లో అమ్మ, నేను. పురిటికి వచ్చిన మా అక్క. అక్కకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. నా అరచేతి నుంచి మోచేతి దాకా సరిపోయేది, అంతే.

దవాఖానా నుంచి పంపేస్తూ లేడీ డాక్టరు ఒకటే మాట చెప్పింది. పిల్లకి వెచ్చదనం తగ్గకూడదు. సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, అటూ ఇటూ పెట్టండి, చల్లారగానే మార్చండి అంది. అమ్మ ఆ మాట వేదంలా పట్టుకుంది. రెండు గంటలకోసారి స్టవ్వు వెలిగించడం, నీళ్ళు కాచడం, సీసాలు మార్చడం. బొగ్గుల కుంపటి పెట్టి చూశాం. ఆ గదిలో పొగ పోయే దారిలేదు, పిల్ల నీలంగా మారి దగ్గింది. ఆ రోజుతో కుంపటి అటకెక్కింది, బయట పెట్టుకుందామంటే మా రెండు గదులకీ పెరడు లేదు. ఇక మాకు దిక్కు ఒక్కటే, కిరసనాయిలు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో కిరసనాయిలు లేకుండా పోయింది.

ఎందుకు లేదో నాకంటే బాగా చెప్పగలిగినవాడు గల్లీలో లేడు. అరబ్బుల దేశాల్లో యుద్ధం జరిగింది, వాళ్ళు చమురు బిగబట్టారు. తొమ్మిదో తరగతిలో గోడకి పటం తగిలించి, బెత్తంతో ఎడారి చూపించి, నౌకాదారి చూపించి, బ్రహ్మాండంగా పాఠం చెప్పాను. ఇంటికొస్తే అమ్మ ఖాళీ డబ్బా చూపించింది. పటంలో నేను బెత్తం పెట్టిన చోటికీ మా వంటింటికీ ఇంత దగ్గర దారి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా గల్లీ మొగలో కిరసనాయిలు దుకాణం. గల్లీవాళ్ళు దాన్ని గ్యాసునూనె దుకాణం అనేవాళ్ళు. బండి ఏ రోజు వస్తుందో దుకాణందారుకే తెలియదు. వచ్చినా ఒక డ్రమ్ము, ముందున్న పది పన్నెండు మందికి సరి. అందుకని జనం తెల్లారగానే తమ డబ్బాలు వరసగా పెట్టి పనులకి పోయేవాళ్ళు. డబ్బాలు మాయమవడం మొదలైంది. అప్పుడు డబ్బాల బదులు రాళ్ళు పెట్టారు. రాయిని ఎవడూ ఎత్తుకుపోడు కదా అని.

రాయి అంటే మనిషి. నా రాయి అయిదోది, అంటే నేను అయిదోవాణ్ణి. నేను స్కూల్లో ఉన్నా, పడుకున్నా, ఆబిడ్స్‌లో ఇరానీ చాయ్ తాగుతున్నా, అక్కడ నేను నిలబడే ఉన్నానని లెక్క. బండి వచ్చిందని కేక వినపడగానే పరుగెత్తి వెళ్ళి, ఎవరి రాయి వెనక వాళ్ళు నిలబడాలి. నూనె దొరికినవాడు రాయి తీసుకెళ్ళి వరస చివర మళ్ళీ పెట్టుకోవాలి. ఇదీ కానూను. ఎవరు రాశారంటే, కోర్టులో వకీలు దగ్గర పనిచేసే మున్షీ ఒకాయన మా వరసలో మొదటివాడు, ఆయన రాశాడు. తగువులు తీర్చడానికి చదువుకున్నవాడు కావాలని నన్ను పెద్దమనిషిగా పెట్టారు. నేనూ ఛాతీ విరుచుకునే తిరిగాను, దాచడమెందుకు.

రాళ్ళన్నీ ఒకేలా ఉంటే గుర్తుపట్టడం కష్టం. మున్షీ తన రాయి మీద పేరు, ఉద్యోగం, ఇంటి నంబరు తారుతో రాయించాడు. మూడో రాయి మెదక్ వైపు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడది. ఆవిడ సిలువ గీసుకుంది. రెండో రాయి ఎవరో ఇల్లాలిది. దాన్ని ఎవరూ తన్నకుండా ఉండాలని ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇంకేముంది, స్టేషన్ నుంచి వచ్చే ఊరి జనం ఆ రాయి ముందు ఆగి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకామె కొబ్బరికాయ కొట్టింది. అది చూసి వెనకవాళ్ళు కూడా తమ రాళ్ళకి బొట్లు పెట్టారు. ఒక శుక్రవారం చూద్దును కదా, మా వరస మొత్తానికి చామంతి దండ వేసి ఉంది, సిలువ రాయితో సహా. నర్సమ్మ ఆ దండ తీయకుండా, "మంచిదే, అందరం కలిసి ప్రార్థన చేస్తేనన్నా బండి వస్తదేమో" అంది.

నాకు ముందు, నాలుగో రాయి మా ఎదురింటి టైలర్ మాస్టర్‌ది. తాతల కాలం నుంచీ నాంపల్లిలోనే ఉంటున్న కుటుంబం. ఆయన బక్కపల్చటి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నా మొదటి ప్యాంటు కుట్టింది ఆయనే. ఆయన రాయి మీద టైలర్ చాక్‌తో గీసిన గుర్తు మంచుకి చెరిగిపోతోందని ఏం చేశాడంటే, రాయికి కొలతలు తీసి గలీబు కుట్టాడు. మిగులు గుడ్డతో, అంచుకి కుట్టుపని చేసి, కింద బొందు పెట్టి మరీ. నాకు నవ్వాగలేదు.

"నవ్వకుండ్రి సారూ. మీ రాయికి గూడ జర అంగి గుట్టిస్త. సలికాలం గద, దానికి మాత్రం సలి వెట్టదా?" అన్నాడు.

అన్నట్టే నా రాయికి నీలం చారల గలీబు కుట్టాడు. లోపల ఇంత దూది కూడా పెట్టాడు. అడిగితే, రాయి మూలలు గుడ్డని చింపకుండా అని చెప్పాడు. వారం తిరిగేసరికి సగం వరస బట్టలు తొడుక్కుంది. ఆ ఏడాది పండక్కి పిల్లలకి కొత్త బట్టలు లేని ఇళ్ళున్నాయి మా గల్లీలో, రాయికి లేని ఇల్లు మాత్రం తక్కువ.

వరసలో చోటుకి విలువ పెరిగింది. ఒకాయన ఆరో చోటు ఇచ్చి రెండు సినిమా టికెట్లు పుచ్చుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసి కాచిగూడ పోతున్న ఒక కుటుంబం కొత్తగా దిగేవాళ్ళతో, "నల్లా ఉంది, గాలి ఉంది, గ్యాసునూనె లైన్ల తొమ్మిదో రాయి ఉంది" అని చెప్పి కిరాయి బేరం చేసింది. ఒక ముసలాయన పోతే ఆయన రాయి పెద్దకొడుక్కి చెందుతుందా, చిన్నకొడుక్కి చెందుతుందా అని పదకొండో రోజున నా దగ్గరికి వచ్చారు. కలిసున్నంత కాలం ఇద్దరిదీ అని తీర్పు చెప్పాను. వాళ్ళు ఆ సాయంత్రమే వేరుపడ్డారు.

తగువులకి కొదవలేదు. మాటకి మాట పెరిగేది, అమ్మల్నీ అక్కల్నీ తిట్టుకునే దాకా పోయేది, చెయ్యి రాయి మీదికి వెళ్ళేది. అక్కడ ఆగిపోయేది. ఎందుకంటే రాయి ఎత్తితే చోటు పోతుంది. కానూనులో స్పష్టంగా ఉంది, రాయి నేల విడిస్తే హక్కు పోయినట్టే. వాడు ఎత్తడం ఆలస్యం, వెనకున్నవాడు తన రాయి ముందుకి జరపడానికి వంగి సిద్ధంగా ఉండేవాడు. అందుకని మా గల్లీలో అందరి దగ్గరా ఆయుధాలున్నాయి, ఒక్కరూ వాడలేదు. ఈ సంగతి నాకు మహా ముచ్చటగా తోచింది. మనిషికి పోగొట్టుకునేది ఏదైనా ఉన్నంతకాలం యుద్ధానికి దిగడని సిద్ధాంతం చేసి, తొమ్మిదో తరగతిలో నోట్సు చెప్పి రాయించాను. లక్డీకాపూల్ సర్కారు ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి ఈపాటి తెలివి లేదే అని జాలిపడ్డాను కూడా.

ఆ శనివారం పొద్దున్న డబ్బాలో కిరసనాయిలు అయిపోయింది. అమ్మ డబ్బాని బోర్లించి, స్టవ్వులోకి చివరి చుక్కలు వంచి, నీళ్ళు కాచి సీసాలు మార్చింది. అక్క పిల్లని రొమ్ముకి హత్తుకుని చీర కొంగు కప్పుకుని కూర్చుంది. "ఈ సీసాలు ఎంతసేపుంటాయిరా?" అని అడిగింది. రెండు గంటలని ఆమెకీ తెలుసు. నేను స్కూలుకి వెళ్ళలేదు. పిల్ల పాదం ముట్టుకుని చూశాను. చల్లగా ఉన్నట్టే అనిపించింది. నాకు చాలా భయం వేసింది.

పది గంటలప్పుడు "బండొచ్చింది" అని కేక వినపడింది. పరుగెత్తాను. తోపుడు బండి మీద రెండు డ్రమ్ములు! రెండు డ్రమ్ములు చూసి జనం ఈలలు వేశారు. వరస ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటి క్రమానికే వచ్చి ఉంది, అందరం ఎవరి రాయి వెనక వాళ్ళం నిలబడ్డాం. దుకాణందారు ఒక డ్రమ్ము దించి కొలవడం మొదలుపెట్టాడు. మున్షీకి పోశాడు. ఇల్లాలికి పోశాడు. నర్సమ్మకి పోస్తుండగా గరాటులోంచి బుడబుడమని గాలి వచ్చింది. డ్రమ్ము అడుగంటింది.

"అయిపోయింది, ఖతం. మీదికెల్లి పావు వంతే నింపి పంపిన్రు, నేనేం జెయ్యాలె. పోండ్రి" అన్నాడు దుకాణందారు.

"మరి గా రెండోది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"గది మీది కాదు. గది ఒక పెద్ద సాబ్ ఇంటికి వోవాలె."

బండివాళ్ళు రెండో డ్రమ్ముతో బండి తిప్పుతున్నారు. వరసలో అందరూ అరుస్తున్నారు గానీ ఎవరూ కదలడం లేదు. కదిలితే చోటు పోతుంది కదా! అయిపోయిన నూనెకి, వెళ్ళిపోతున్న డ్రమ్ముకి, మేం ఇంకా వరస తప్పకుండా నిలబడి ఉన్నాం. సరిగ్గా అప్పుడు టైలర్ మాస్టర్ తన రాయి వదిలేసి దుకాణందారు దగ్గరికి వెళ్ళాడు. భుజం మీద చెయ్యేశాడు. చెవిలో ఏదో చెబుతున్నాడు. దుకాణందారు తల అడ్డంగా ఊపుతున్నాడు. మాస్టర్ మళ్ళీ చెబుతున్నాడు, చేతిలో ఉన్న డబ్బా చూపిస్తున్నాడు. దుకాణందారు డ్రమ్ము వైపు చూసి, సరే అన్నట్టు బండివాళ్ళని చెయ్యెత్తి ఆపాడు.

నాకు కళ్ళు మూసుకుపోయాయి. ఓహో, అందరం గొర్రెల్లా వరసలో ఉంటే ఈయన చాటుగా తన పని చక్కబెట్టుకుంటున్నాడన్న మాట. మా పిల్ల పాదాలు చల్లబడుతుంటే ఈయనకి తన చాయ్ నీళ్ళ గొడవ! కిందికి వంగాను. రాయి ఎత్తాను. దుకాణందారుకి విసిరానని చాలామందికి చెప్పాను, డ్రమ్ముకి విసిరానని కొంతమందికి చెప్పాను. ఆ రెంటికీ కాదు. మాస్టర్‌కే విసిరాను. అదే క్షణంలో ఆయన నా వైపు తిరిగాడు, ఏదో చెప్పబోతూ. మా చూపులు కలిశాయి. రాయి ఆయన కనుబొమ్మ మీద తగిలింది.

ఇక తరవాత జరిగింది వర్ణించడానికి సిగ్గుగా ఉంది గానీ, వర్ణిస్తాను. నేను రాయి ఎత్తగానే కానూను పోయింది. పసుపు రాళ్ళు, తారు రాళ్ళు, పూల గలీబు రాళ్ళు, అన్నీ గాల్లోకి లేచాయి. తెలివైనవాళ్ళు తమ రాయి పాదం కింద తొక్కిపట్టి పక్కవాడి రాయి విసిరారు. మున్షీ నూనె డబ్బా చంకలో పెట్టుకుని, తాను విసిరిన రాయిని తానే ఏరి తెచ్చుకుని, వరస చివర పెట్టి, మళ్ళీ దాన్నే తీసి విసిరాడు. నర్సమ్మ తన రాయి మీద కూర్చుని, "నన్ను చంపినా లేవను" అని కేకలు పెట్టింది. ఎవరో బండిని తోశారు. రెండో డ్రమ్ము దొర్లి, మూత ఊడి, అంత కిరసనాయిలూ గల్లీ పక్క మోరీ కాలవలోకి పోయింది. కొట్టుకుంటున్నవాళ్ళు ఆగి ఆ ప్రవాహాన్ని చూశారు. ఇద్దరు ముగ్గురు పంచెలు విప్పి మోరీలో ముంచి డబ్బాల్లో పిండుకున్నారు. వారం రోజుల పాటు ఆ గల్లీలో ఎవడూ బీడీ వెలిగించలేదు.

పోలీసు వచ్చాడు. సాక్ష్యం కింద రాళ్ళు స్టేషన్‌కి తీసుకెళ్ళాలన్నాడు. పసుపు, కుంకుమ చూసి సందేహించి, బూట్లు విప్పి, ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తి రిక్షాలో పెట్టుకున్నాడు. రిక్షా కిరాయి ఎవరిస్తారని అడిగితే మళ్ళీ గొడవ లేచింది.

మధ్యాహ్నానికల్లా ఈ గలాటా కథలు కథలుగా ఆబిడ్స్ దాటింది. పెద్ద పోస్టాఫీసు దగ్గర అది ఆంధ్రావాళ్ళకీ తెలంగాణావాళ్ళకీ జరిగిందన్నారు. స్టేషన్ దగ్గర గుడి రాళ్ళని ఎవరో తన్నారన్నారు. ఇరానీ హోటల్లో రెండు పార్టీల పేర్లు చెప్పుకున్నారు. గ్యాసునూనె అని ఒక్కడూ అనలేదు. అంత చిన్న సంగతికి మనుషులు తలలు పగలగొట్టుకుంటారా అని వాళ్ళ అభిప్రాయం.

నేను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే స్టవ్వు చప్పుడు వినపడింది. లోపల నీళ్ళు మరుగుతున్నాయి. అమ్మ సీసాలకి గుడ్డలు చుడుతోంది. పిల్ల మూతి ముడుచుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఎక్కడిదమ్మా కిరసనాయిలు?"

"ఎదురింటి మాస్టర్ భార్య ఇచ్చి వెళ్ళింది రా, సీసాలో సగం. వాళ్ళింట్లోనూ ఉన్నది అంతేనట. సారు నంబరు వచ్చేలోపు అయిపోతే ఆగకుండా తీసుకెళ్ళి ఇచ్చెయ్యమని మాస్టర్ పొద్దున్నే చెప్పి వెళ్ళాడట. ఇంకో మాట కూడా అంది. తన వంతు నూనె సారుకి పొయ్యమని దుకాణంవాణ్ణి బతిమాలతానన్నాడట. అడిగాడా? నువ్వు అక్కడే ఉన్నావుగా?"

చెప్పులు కూడా విడవకుండా వెనక్కి తిరిగి ఎదురింటికి వెళ్ళాను.

మాస్టర్ కుట్టుమిషన్ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. కాంపౌండర్ వచ్చి కుట్లు వేసి కట్టు కట్టి వెళ్ళాడట. దెబ్బ కొట్టిన రాయికి గుడ్డ, దూది ఉండబట్టి కన్ను దక్కిందని చెప్పాడట. ఆ మాట చెబుతూ ఆయన భార్య కన్నీళ్ళు తుడుచుకుంది. కట్టు నెత్తుటితో తడిసి ఉంది, ఆయన కన్ను వాచి సగం మూసుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది.

"రాండ్రి సారూ, లోపటికి రాండ్రి," అందామె. "బిడ్డ ఎట్లున్నది? సీసాలు వెట్టిన్రా?"

"పెట్టారమ్మా. నిద్రపోతోంది."

"సల్లగుండాలె. జూసిన్రా సారూ, ఎవడో ఏం జేసిండో. గీన ఎవరికన్న ఏమన్న అన్నడా? మీరు గాడ్నే ఉన్నరు గద, ఎవడు గొట్టిండో సూశిన్రా?"

మాస్టర్ తెరిచి ఉన్న కన్నుతో నన్ను చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను నోరు తెరిచాను. అంతలో ఆయనే అందుకున్నాడు.

"గా గలాటల ఎవరు జూస్తరే? అందరి చేతులల్ల రాళ్ళే. ఇడ్శిపెట్టు. సారు నిలవడ్డడు, జర చాయ్ వెట్టు."

"వద్దమ్మా, వద్దు" అన్నాను. ఆమె వినలేదు. మాకు పోయగా అడుగున మిగిలిన కిరసనాయిలు ఎంత ఉంటుంది, రెండు గుక్కలంత. దాన్ని స్టవ్వులో వంచి, వత్తులు పైకి తిప్పి వెలిగించింది. మంట నీలంగా లేచి, నీళ్ళు మరిగే దాకా ఉండి, పాలు పోసేసరికి తగ్గిపోయి, దానంతట అదే ఆరిపోయింది. ఆమె గిన్నె దించి ఒకే కప్పులోకి వడకట్టి నా చేతికి ఇచ్చింది.

ఇద్దరూ నా వైపే చూస్తూ కూర్చున్నారు. నేను తాగాను.